జల్లెడ పట్టిన మట్టి

"మీరెవరూ కొండ దిగనక్కర్లేదు. కాలు పోయిన ప్రతి మనిషి గుమ్మంలోకీ మేమే వస్తాం. నెలకోసారి, ఎండైనా వానైనా."

క్వారీ డైరెక్టరు ఈ మాట మైకు ముందు, గుండె మీద చెయ్యేసుకుని అన్నాడు. ఎదురుగా ముప్ఫై ఒక్కమంది కూర్చుని విన్నారు. బండరాయి దొర్లో, మందుగుండు ముందే పేలో, క్రేను గొలుసు తెగో తలా ఒక కాలు పోగొట్టుకున్నవాళ్ళు. చేతులైతే ఉన్నాయి కాబట్టి చప్పట్లు కొట్టారు.

జీపు రెండు నెలలు వచ్చింది. మూడో నెల నుంచి ఆ జీపే డైరెక్టరుగారి అతిథులకు జలపాతం చూపించే పనిలో పడింది.

ఆ ముప్ఫై ఒక్క కాళ్ళూ చేసినవాడు కొండకి నూట తొంభై కిలోమీటర్ల దూరంలో, పట్నంలో ఉంటాడు. క్వారీ ఖర్చుతో నడిచే కృత్రిమ కాళ్ళ వర్క్‌షాపులో పని. ఇరవై ఆరేళ్ళవాడు. చదవని పుస్తకం లేదు, ఊరుకున్న నోరు లేదు. బస్సులో చిల్లర ఇవ్వకపోయినా దోపిడీ వ్యవస్థ గురించి నాలుగు ముక్కలు చెప్పి గానీ దిగడు. అందుకే ఊరంతా అతన్ని కరపత్రం అంటుంది. అతనికి కోపం రాదు. "కరపత్రం చించేయొచ్చు, చదివినవాణ్ణి చించలేరు" అంటాడు. ఆ మాట కూడా ఎక్కడో చదివిందే.

ఆ శుక్రవారం పొద్దున కూడా రోజూలాగే వర్క్‌షాపు తలుపు తీశాడు, కిటికీ తెరిచాడు, గోడవార అరల్లో వరసగా నిలబెట్టిన పాదాల మీద దుమ్ము దులిపాడు, ప్లాస్టరు పొడి జల్లెడ పట్టాడు. అచ్చు పోసే పొడిలో ఇసుకరేణువంత గరుకు ఉన్నా అది ఎవరి మోకాలి కిందో పుండవుతుంది. ఆరేళ్ళుగా చేస్తున్న పని కావడంతో చేతికి ఏ పొడి తగిలినా జల్లెడ వెతుక్కోవడం అలవాటైపోయింది. ఇంట్లో టీపొడి కూడా పడతాడని వాళ్ళమ్మ గొడవ.

బల్ల మీద ఒక కాలు ఉంది. అది డ్రిల్లక్కది. క్వారీలో పంతొమ్మిదేళ్ళు రాయికి బెజ్జాలు పెట్టిన మనిషి. ఎడమ కాలు మోకాలి కింద పోయి వచ్చే మంగళవారానికి సరిగ్గా ఏడాది. ఆ రోజు డాక్టరు ముందు నిలబడి, నడిచి, పనికి తగునని రాయించుకోవాలి. లేకపోతే పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తారు. కాలేమో ఒరుసుకుని నెలరోజులుగా రక్తం కారుతోంది. ఆ కాలితో రాళ్ళదారి దిగి రావడం కుదరదు. క్వారీ రాయి మాత్రం రోప్‌వే తొట్లలో తీగ మీద హాయిగా దిగుతుంది. మనిషి ఆ తొట్టి ఎక్కితే నేరం. అందుకని కాలొక్కటీ రాళ్ళ మధ్య తొట్టిలో దిగి, లారీలో పట్నం వచ్చింది. చీలమండకి పతకంలా చీటీ వేలాడుతోంది: "మట్టి తుడవకు. ఎక్కడ ఎక్కువ అంటుకుందో చూస్తే ఎటు వాలి నడుస్తున్నానో నీకే తెలుస్తుంది. కానీ తమ్ముడూ, మనిషి నిలబడి ఉండగా సరిచేయాలి. నువ్వు రా."

వెళ్ళాలంటే బండి కావాలి. బండి కోసం రాసిన పదకొండు ఉత్తరాలకు జవాబు లేదు. పన్నెండో దానికి క్వారీ ఆఫీసు నుంచి ఒక కాగితం ముక్క వచ్చింది: క్వారీ ఖర్చుతో మోటారు సైకిలు ఒకటి కొనుక్కోవచ్చు, శుక్రవారం సాయంత్రం ఐదు గంటల తర్వాత ఈ అనుమతి చెల్లదు. వచ్చి మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ కరపత్రం పట్టిక గీశాడు. ట్యాంకులో పెట్రోలెంత పడుతుంది, ఇంజను కింద నేలకి ఎంత ఎడం, షాకులు ఎంత లోతుకి దిగుతాయి, సీటు ఎంత ఎత్తు, బరువెంత. ఇరవై మూడు గడులు. నూట యాభై కిలోమీటర్లు తారు, నలభై కిలోమీటర్లు రాళ్ళు, రెండిటికీ ఒకే బండి. పట్టిక అంతా గీశాక చూస్తే అన్ని గడుల్లోనూ ఒక్కటే నెగ్గింది, స్పానరత్త షెడ్డులో ఉన్న ఎర్ర బండి. రెండు సిలిండర్లు, ఇరవై మూడు లీటర్ల ట్యాంకు, రెండు వందల ఇరవై కిలోలు.

ఇక మిగిలింది మట్టి చూపించడం.

ఆ ఊళ్ళో బండి కొనడమంటే అదే. తిరగబోయే దారిలోంచి గుప్పెడు మట్టి తెచ్చి బండి ముందు పోస్తారు. ఆ దారి తనకు సమ్మతమైతే సైడ్ స్టాండు మీద ఒరిగి ఉన్న బండి తనంతట తాను నిటారుగా లేస్తుంది. ఎవరూ పట్టుకోకుండా రెండు చక్రాల మీదా అలా నిలబడుతుంది, మట్టి తీసేదాకా. నచ్చకపోతే ఉన్నట్టే ఉంటుంది. పాలు పోసే అతను తన సందుల దుమ్ము పొట్లం కట్టుకొస్తాడు. కొత్తగా పెళ్ళయిన ఒకాయన అత్తారింటి దారి మట్టి తెస్తే షెడ్డులో ఒక్క బండీ కదల్లేదట. ఆయన ఇప్పటికీ బస్సులోనే వెళ్తున్నాడు.

కరపత్రానికి కొండదారి మట్టి, డ్రిల్లక్క కాలు వచ్చిన తొట్టిలోనే సంచిలో వచ్చింది. దాన్ని పొద్దునే ఒక డబ్బాలోకి మార్చి, మూత బిగించి, మూడు గంటలకి షెడ్డుకి వెళ్ళాడు.

స్పానరత్తకి అరవై దాటాయి. కూతుళ్ళు లేరు, అయినా పెళ్ళికాని ప్రతివాణ్ణీ అల్లుడూ అంటుంది. మాట్లాడుతున్నంతసేపూ చేతిలో పధ్నాలుగో నంబరు స్పానరు తిరుగుతూనే ఉంటుంది. అప్పటికే అక్కడ క్వారీ ఆఫీసు కొనుగోళ్ల గుమాస్తా స్టూలు మీద కూర్చుని, ఫారం మోకాలి మీద పరుచుకుని, గడియారం చూసుకుంటున్నాడు.

"రా అల్లుడూ. ఎర్రదే కదా?" అంది స్పానరత్త.

"నీకెలా తెలుసత్తా?"

"నువ్వు పచ్చది కొంటే మీవాళ్ళు నిన్ను సభల్లోకి రానిస్తారా?"

"రంగు కాదత్తా, పట్టిక చూడు. శాస్త్రీయంగా తేల్చాను. దూరం పోతుంది, ఎత్తెక్కుతుంది, మూడు పెట్టెల సామాను మోస్తుంది. సామాన్యుడి గుమ్మంలోకి అసామాన్యమైన యంత్రం!"

"సరే. పడితే ఎవరు లేపుతారు?"

"పడను."

"అయితే నువ్వింకా ఎక్కలేదన్నమాట." పట్టికని తిరగేసి, బోర్లించి, మళ్ళీ తిరగేసింది. "ఇరవై మూడు గడులున్నాయి. 'పడ్డాక' అనే గడి లేదు."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "చూడు నాయనా, ఫారంలో దారి రకం అన్నచోట తారు రోడ్డు అని ముందే అచ్చయి ఉంది. మా రికార్డుల్లో కొండ దాకా రోడ్డుంది. కిందటేడే వేశారు."

"కాగితం మీద వేసిన రోడ్డు మీద కాగితం బండే వెళ్తుంది గుమాస్తాగారూ!"

"అరవకు. నేను వేశానా? మట్టి చూపించు, అది ఏది ఒప్పుకుంటే అది కొందాం. నాకు ఐదింటికి బస్సుంది."

షెడ్డులో పదకొండు బళ్ళున్నాయి. కరపత్రం మధ్యలో నిలబడి డబ్బా మూత తీసి, గచ్చు మీద మట్టి కుప్పగా పోశాడు. ఎర్ర బండి లేచింది. అతని మొహం వెలిగిపోయింది. దాని పక్కది కూడా లేచింది. వెనక వరసలో మూడు ఒక్కసారే లేచాయి. మూలన ఇనుప సామాను మధ్య, లైటు పగిలి, కూరగాయల గంప కట్టిన తాడు ఇంకా వేలాడుతున్న మోపెడ్ కూడా, ఎవరో పిలిచినట్టు, బుద్ధిగా లేచి నిలబడింది. పదకొండుకి పదకొండూ.

"అబ్బో! సర్వసమ్మతం," అన్నాడు గుమాస్తా, కలం మూత తీస్తూ. "మోపెడ్ ఒప్పుకుంది. అందరికన్నా చవక. రాసేస్తున్నా."

"ఆగండి! మోపెడా? నలభై కిలోమీటర్ల రాళ్ళ మీద మోపెడా?"

"నేనన్నానా? మట్టి అంది."

స్పానరత్త వంగి, ఆ మట్టిని రెండు వేళ్ళతో తీసి నలిపింది. వాసన చూసింది. తర్వాత కరపత్రం మొహంలోకి చూసింది. "ఇదేంటి అల్లుడూ, చంటిపిల్లల పౌడరులా ఉంది? కొండ మీద దారంతా పరుపు పరిచారా?"

అప్పుడు తెలిసింది అతనికి. సంచిలోంచి డబ్బాలోకి మార్చేటప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. రాళ్ళు, మొనదేలిన పలుకులు, చెట్ల వేళ్ళ ముక్కలు, అంటుకుంటే వదలని ఎర్రమట్టి బెడ్డలు, అన్నీ జల్లెడలో మిగిలాయి. అవి చెత్తబుట్టలో పడ్డాయి, చెత్తబుట్ట పొద్దునే బండెక్కింది. కొండలోంచి కొండనంతా తీసేసి మిగిలింది పట్టుకొచ్చాడు.

"జల్లెడ పట్టాను," అన్నాడు మెల్లిగా.

గుమాస్తా నవ్వాడు. స్పానరత్త నవ్వలేదు. "టైమెంతైంది?" అంది.

"మూడున్నర," అన్నాడు గుమాస్తా.

"ఐదు దాకా నువ్వు సంతకం పెట్టవు. నీకు టీ ఇస్తాను. అల్లుడూ, పరిగెత్తు. నిజం మట్టి ఎక్కడైనా మిగిలిందేమో చూడు."

పరిగెత్తాడు. రెండు కూడళ్ళు, ఒక వంతెన, మందుల కొట్టు సందు. దారి పొడవునా తనని తాను తిట్టుకున్నాడు. డైరెక్టరు కొండని జీపు అద్దంలోంచి చూస్తాడు, నేను జల్లెడలోంచి చూశాను, తేడా ఏముంది? వర్క్‌షాపులో సంచి దులిపాడు, బల్ల కింద పాకాడు, జల్లెడ గోడకేసి కొట్టాడు. చెంచాడు కూడా రాలేదు. లేచి నిలబడేసరికి ఎదురుగా బల్ల మీద డ్రిల్లక్క కాలు. పాదం గాడుల్లో, మడమ చుట్టూ, చీలమండ బోల్టుల సందుల్లో కొండదారి గట్టిపడి ఉంది, రాతిపలుకులతో సహా. తుడవద్దని ఆవిడ చెప్పింది కాబట్టి మిగిలింది.

కాలు చంకలో పెట్టుకుని మళ్ళీ పరుగు. "ఎవరిదయ్యా అది?" అని మందుల కొట్టాయన కేకేస్తే "ప్రజలది!" అని అరిచి పోయాడు.

షెడ్డులో పౌడరు మట్టిని స్పానరత్త అప్పటికే ఊడ్చేసింది. బళ్ళన్నీ మామూలుగా ఒరిగి ఉన్నాయి. అతను కాలిని గచ్చు మీద పడుకోబెట్టాడు, పాదం అడుగు బళ్ళకేసి ఉండేలా.

మోపెడ్ ఒక్క క్షణం ఆలోచించి, స్టాండు మీదనుంచి కూడా జారి నేల మీద పడుకుంది. మెరిసే చక్రాల బళ్ళు నాలుగు చలనం లేకుండా ఉన్నాయి. ఎర్ర బండి కదిలింది. దాని వెనక స్ప్రింగు పైకి సాగింది, హ్యాండిలు సగం తిరిగింది. లేస్తుందనే అనుకున్నారు. కుర్చీలోంచి లేవబోయి మోకాళ్ళు గుర్తొచ్చిన పెద్దమనిషిలా మళ్ళీ నెమ్మదిగా ఒరిగిపోయింది.

వెనక వరసలో, పాలిపోయిన పసుపు రంగుది ఒకటి లేచింది. సన్నగా, పొడుగ్గా, మేకపిల్ల నడుముతో, ఒకటే సిలిండరు. లేచి, హ్యాండిలు కాస్త ముందుకి వంచి, ఆ పాదం కేసి చూస్తున్నట్టు నిలబడింది.

"ఇదా?" అన్నాడు కరపత్రం. అతని గొంతులో మూడు వారాల పట్టిక కూలిపోయిన చప్పుడు వినిపించింది.

"ఇదే. నూట ఇరవై ఎనిమిది కిలోలు. పడితే నువ్వొక్కడివే లేపుకోగలవు. ముందు చక్రం పెద్దది, రాయి మీదికి ఎక్కి దిగుతుంది. ఊచల చక్రాలు, వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు. ఆ మెరిసే చక్రాలు పగిలాయనుకో, కొండ మీద కూర్చుని ఉపన్యాసం ఇచ్చుకోవడమే. ఇంజనుకి నీళ్ళు అక్కర్లేదు, గాలి చాలు. తారు మీద ఎనభై దాటితే అరుస్తుంది, దాటించకు. దూరమంటే వేగం కాదు అల్లుడూ, సాయంత్రానికి కూడా ఒళ్ళు పని చేయడం. పెద్ద ట్యాంకు నేను బిగిస్తాను. ఆ కాగితం ఇలా ఇయ్యి."

పట్టిక ఇచ్చాడు. ఇరవై మూడు గడుల దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంజను నూనె చూసే పుల్ల శుభ్రంగా తుడిచింది. "మంచి కాగితం," అంది.

గుమాస్తా పడుకున్న మోపెడ్‌ని చూశాడు, ఫారం చూశాడు. "పడుకున్నదాన్ని కొన్నానని తెలిస్తే నా ఉద్యోగం పడుకుంటుంది," అని గొణిగి, దారి రకం దగ్గర అచ్చయిన "తారు రోడ్డు"ని గీతపెట్టి కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో "కొండదారి" అని రాశాడు. నాలుగు యాభై. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అచ్చయిన మాట కొట్టేయడం అతనికదే మొదటిసారి. ఐదింటి బస్సు తప్పేలా ఉన్నా పెద్దగా బాధపడ్డట్టు కనిపించలేదు.

కరపత్రం శనివారం తెల్లవారగానే బయల్దేరాడు. వెనక రెండు సంచులు, ఒకదాంట్లో పనిముట్లు, ఒకదాంట్లో ప్లాస్టరు, మధ్యలో దుప్పటి చుట్టిన కాలు. తారు మీద మధ్యాహ్నం దాకా అన్ని లారీలూ అతన్ని దాటుకుని పోయాయి. దారి చివర రాళ్ళు మొదలయ్యాక దాటడానికి ఎవరూ లేరు. మొదటి మలుపులో పడ్డాడు. లేపాడు. వాగులో పడ్డాడు. లేపాడు. మూడోసారి ఎర్రమట్టిలో చక్రం జారి బండి మీద పడ్డప్పుడు, కిందనుంచి కాలు లాక్కుని, ఊపిరి పీల్చుకుని, అదే రెండు వందల ఇరవై కిలోలైతే ఈపాటికి తన కాలి కొలతలు ఎవరు తీసుకునేవారో అని ఆలోచించాడు. తల పైన తీగ మీద రాళ్ళ తొట్లు ఒకదాని వెనక ఒకటి చల్లగా జారిపోతున్నాయి. రాయికి దారి వేసిన చేతులకి మనిషికి వేయడం రాదా? ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే మిగిలిన ఇరవై కిలోమీటర్లూ ఎక్కాడు. ఆదివారం పొద్దున రేకుల ఇళ్ళ వరస కనిపించింది.

డ్రిల్లక్క గుమ్మంలో బల్ల మీద కూర్చుని ఉంది. "ఏరా, నువ్వొచ్చావా, నీ నినాదాలు ముందొచ్చాయా?"

"కాలొచ్చిందక్కా."

"కూర్చో. మోచెయ్యి చూపించు. ఎన్నిసార్లు పడ్డావు?"

"మూడు."

"తక్కువే."

రెండు రోజులు పట్టింది. ఆమెని నిలబెట్టి, నడిపించి, మట్టి ఎటు పేరుకుందో చూసి, మోకాలి మొండెం దిగే కాలి గిన్నె లోపలి అంచుని వేడి చేసి నూలుపోగంత వెనక్కి వంచాడు. మళ్ళీ నడిపించాడు. బోల్టు పావు చుట్టు. మళ్ళీ నడిపించాడు. చుట్టుపక్కల ముప్ఫై మందీ తమ తమ కాళ్ళు తెచ్చుకుని గుమ్మం ముందు కూర్చున్నారు. వాళ్ళవీ చూశాడు. ఆ రెండు రోజులూ ఒక్క ఉపన్యాసం ఇవ్వలేదు, తీరిక లేక.

మంగళవారం పొద్దున క్వారీ గేటు ముందు కుర్చీలు వేశారు. ఒక కుర్చీలో డాక్టరు, తెల్లజుట్టు మనిషి, ఆ కొండ మీదే పదిహేనేళ్ళుగా కట్లు కడుతున్నవాడు. ఇంకో కుర్చీలో మేనేజరు, ఒళ్ళో రిజిస్టరు, వేళ్ళ మధ్య ఎర్రసిరా కలం. డ్రిల్లక్క ఇరవై అడుగులు వెళ్ళింది, ఇరవై అడుగులు వచ్చింది. ఆఫీసు మెట్లు ఎక్కింది, దిగింది. పాతిక కిలోల డ్రిల్లు ఎత్తి భుజాన పెట్టుకుని, "ఇంకేమైనా ఎత్తాలా, మిమ్మల్ని కాకుండా?" అంది.

మేనేజరు నవ్వలేదు. "ఇది గచ్చు నేల. పని చేయాల్సింది క్వారీ గోతిలో, రాయి తొలిచే మూడో మెట్టు మీద. అక్కడి నేల వేరు. రబ్బరు పాదానికి ఆ నేల పనికిరాదు. క్షమించాలి." కలం రిజిస్టరు మీద వంగింది.

కరపత్రం నోరు తెరిచాడు. డ్రిల్లక్క అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈలోగా డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "బండి కొనేటప్పుడు మట్టి చూపిస్తాం కదండీ. కాలికి చూపిస్తే అడ్డేముంది?"

అది అందరికీ సబబుగానే తోచింది. మేనేజరుకి కూడా కాదనడానికి ఏమీ దొరకలేదు. ఇద్దరు మనుషులు మూడో మెట్టుకి దిగి, తట్టెడు మట్టి తెచ్చి గేటు ముందు కుమ్మరించారు, కత్తుల్లాంటి పలుకులతో, తడితో, రాతిపిండితో. డ్రిల్లక్క నేల మీద కూర్చుని, పట్టీలు విప్పి, కాలు తీసి, ఆ కుప్ప పక్కన అడ్డంగా పడుకోబెట్టింది.

కాసేపు ఏమీ జరగలేదు. తీగ మీద తొట్టి ఒకటి కిర్రుమంటూ పోయింది. తర్వాత మడమ నేలని వెతుక్కుంది. కాలు మెల్లగా, తొందరేమీ లేనట్టు, పైకి లేచి పలుకుల మీద పాదం పూర్తిగా ఆనించి నిలబడింది. పైన గిన్నె ఖాళీగా ఆకాశం కేసి తెరుచుకుని ఉంది. గాలి వీచినా ఊగలేదు.

డాక్టరు "పనికి తగును" అని రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం ఉన్న పేరు కొట్టేయడానికి మేనేజరుకి అధికారం లేదు. ఎర్రసిరా కలానికి మూత పెట్టాడు.

"పేరు ఉంటుంది. పనిలోకి తీసుకోవడం డైరెక్టరుగారి ఇష్టం. పంపిస్తాం. జవాబు ఎప్పుడొస్తుందో చెప్పలేం," అని రిజిస్టరు మూసి లోపలికి వెళ్ళిపోయాడు.

కరపత్రం బండి సీటు మీదే కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. చరిత్ర, చెమట, రాయి, నెత్తురు, మేల్కొన్న కొండ, అన్నీ వచ్చాయి. రెండు పేజీలయ్యాక గట్టిగా చదివి వినిపించాడు. డ్రిల్లక్క పట్టీలు బిగించుకుంటూ వింది.

"బాగుంది. దీన్ని చదివి ఆయన ఏం చేస్తాడు?"

"సిగ్గుపడతాడు."

"సిగ్గుపడి?"

అతను ఆ రెండు పేజీలూ మళ్ళీ ముందు నుంచి తిరగేశాడు.

"అవన్నీ తీసెయ్ తమ్ముడూ. జవాబు ఎప్పటిలోగా కావాలో తేదీ వెయ్యి."

ఇంకో కాగితం తీశాడు. ఈసారి మూడు వాక్యాలే పట్టాయి. ముప్ఫై ఒక్కమందీ సంతకాలు పెట్టాక, అన్నిటికన్నా కింద తన సంతకం పెట్టాడు.

"డైరెక్టరుగారికి. పంతొమ్మిదేళ్ళు మీ రాయి తొలిచిన మనిషి ఈ రోజు మూడో మెట్టు మట్టి మీద పరీక్ష నెగ్గింది, డాక్టరు సంతకం జతచేశాం. ఆమెని ఏ షిఫ్టులోకి తీసుకుంటున్నారో కాగితం మీద రాసి పంపండి. మీ జవాబు వచ్చే మంగళవారం, జులై పద్దెనిమిది, పొద్దున సైరను మోగేలోపు గేటు దగ్గర మాకు అందాలి."